చుట్టాల పద్దు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. నిజమే, కాదనను. కానీ ఆ కోపం పుణ్యమా అని నేను చేసిన ఒక మంచి పని ఉంది. అది నరసరావుపేటలో జరిగింది. ఎనభైల్లో అక్కడ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్ని కూడా నేనే. ఆవరణలోనే రెండు గదులిచ్చారు. అప్పటికింకా పెళ్ళి కాలేదు, వంట రాదు, పిల్లలతోపాటే హాస్టల్లో తినేదాన్ని.

ఒకరోజు ఫైనలియర్ పిల్ల ఒకతె నా గుమ్మంలో నిలబడి, "మేడం, ఐదు రూపాయలుంటే ఇస్తారా? ఊరెళ్ళాలి" అంది. మాచర్ల పిల్ల. అకౌంటెన్సీలో క్లాసుకే ఫస్టు. లిమిటెడ్ కంపెనీ బ్యాలెన్స్ షీటు ఇస్తే రెండు వైపులా పైసాతో సహా కలిపేసి, పక్కదానికి కూడా చూపించేది.

"మొన్ననేగా మీ నాన్న మనియార్డరు వచ్చింది?"

"అయిపోయింది మేడం."

"దేనికైంది?"

"ఏమో మేడం. అయిపోయింది, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఐదు రూపాయలతోపాటు చివాట్లు కూడా దండిగానే పెట్టాను. "దేశంలో ఉన్న కంపెనీల లెక్కలన్నీ నీకు కావాలి, నీ పర్సులో లెక్క మటుకు నీకు తెలీదు. సిగ్గు లేదుటే?" అన్నాను. ఆ పిల్ల ఏమాత్రం చలించలేదు. "మా నాయనక్కూడా తెలీదు మేడం. మా ఇంట్లో ఎవురికీ తెలీదు" అని నవ్వేసి, రైలుకు టైమవుతోందని పరుగు పెట్టింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి శనివారం ఆఖరి పీరియడ్ నాకిమ్మన్నాను. సొంత డబ్బు ఎలా వాడుకోవాలో పిల్లలకు చెప్తానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "సిలబస్‌లో లేదు కదమ్మా" అన్నారు. "బతుకులో ఉంది కదండీ" అన్నాను. నాతో వాదన పెట్టుకుంటే ఆ పూట ఇంకే పనీ జరగదని ఆయనకు తెలుసు. ఇచ్చేశారు.

మొదటి క్లాసులో అడిగింది ఒకటే. పోయిన నెల డబ్బు ఎటు పోయింది? చివరికి వెనక బెంచీ నుంచి ఎవరో "రిబ్బన్లు" అన్నారు. అంతే, కట్ట తెగింది. పూలు, మ్యాట్నీ, బస్టాండు దగ్గర చెరుకురసం, స్టిక్కర్లు, స్నేహితురాలి పుట్టినరోజుకు గాజులు, మ్యాట్నీ చూసొచ్చాక మళ్ళీ చెరుకురసం. ఒక పిల్ల లేచి ఎంతో అమాయకంగా, "మా చెల్లికి గౌను కొన్నాను మేడం. నాకు కాదు కదా, అది ఖర్చులోకి రాదుగా?" అంది. "మరి ఆదాయంలో రాద్దామా?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. పక్క గదిలో ఎకనామిక్స్ చెప్తున్నాయన తలుపు దగ్గరికొచ్చి ఏమైందని చూసి వెళ్ళాడు.

ఆ శనివారాలు నాకు పండగ. వచ్చింది ఎంత, తప్పనిసరిగా పోయేది ఎంత, మనసు లాగితే పోయేది ఎంత, అవసరానికి ఒక పక్కన పెట్టాల్సింది ఎంత. ఇంతే నేను చెప్పింది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. అయినా ఆ పిల్లలు పుస్తకాల్లో పాఠం ఎప్పుడూ వినని శ్రద్ధతో విన్నారు, ఎందుకంటే ఇది వాళ్ళ డబ్బు. పోస్టాఫీసులో ఖాతాలు తెరిచారు. మాచర్ల పిల్ల తన పాస్‌బుక్కుని కొత్త గాజులు చూపించినట్టు హాస్టలంతా తిరిగి చూపించింది. నాకు ఐదు రూపాయలూ తిరిగిచ్చింది. నేను లోపల్లోపల తెగ మురిసిపోయాను.

అంత మురిసిపోకుండా ఉండాల్సింది.

మా మెస్సు పిల్లల చేతుల్లోనే నడిచేది. ప్రతి టర్ముకీ ఒక పిల్ల మెస్ సెక్రటరీ. కొట్టులో సరుకులు తేవడం, నెలాఖరుకి మొత్తం ఖర్చుని తలలతో భాగించి బిల్లు వెయ్యడం ఆమె పని. ఆ టర్ము పెదకూరపాడు పిల్ల సెక్రటరీ. చురుకైన పిల్ల, మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. బిల్లు నెలనెలా పైకి పాకుతోంది. ఇళ్ళ దగ్గర్నుంచి తండ్రులు గొణుగుతున్నారు. ఈ పిల్ల నా పాఠాన్ని మెస్సుకి అన్వయించింది. ఒక్కో పిల్ల పూటకి ఎంత తింటుంది, ఇంతమందికి ఎంత కావాలి, మనం కొంటున్నది ఎంత అని లెక్క తీసి నా ముందు పెట్టింది.

"మేడం, మనం తినాల్సిన దానికంటే చానా ఎక్కువ బియ్యం అవుతన్నై. పప్పు, నూనె కూడా. ఎవురో తీసుకుపోతన్నారు."

"ఎవరే?"

"వంటగది తాళం ఎవురి దగ్గరుంటదో వాళ్ళే" అంది కళ్ళు దించుకుని.

తాళం అత్త దగ్గర ఉంటుంది. అత్త అంటే మా వంటామె. వెల్దుర్తి వైపు మనిషి. భర్త పోయాక ఇక్కడికొచ్చి, వంటగది వెనక గదిలోనే ఉంటూ ఏళ్ళ తరబడి వండుతోంది. పిల్లలందరికీ ఆమె అత్త. గొంతు వీధి చివరికి వినపడుతుంది. తినకుండా లేచిన పిల్లని చెయ్యి పట్టి కూర్చోబెడుతుంది. ఆమె దొంగతనం చేసిందంటే నా మనసు ఒప్పుకోలేదు. కానీ ఆ పిల్ల లెక్కని రెండుసార్లు చూశాను, ఎక్కడా తప్పు లేదు.

నేను ఆలోచిస్తుండగానే ఆ పిల్ల ప్రిన్సిపాల్ గారికీ చెప్పేసింది. అప్పటికే బస్టాండు దగ్గర హోటలాయన ఒకడు ఆయన చుట్టూ మెస్సు కాంట్రాక్టు కోసం తిరుగుతున్నాడు. "ఈ ఒక్క నెల చూస్తానమ్మా. బిల్లు దిగకపోతే హోటలాయనకి ఇచ్చేద్దాం, వంటామెని పంపించేద్దాం" అన్నారు. వంటామెని పంపడమంటే ఉద్యోగం ఒకటే కాదు, ఆ గదీ పోతుంది. ఆమెకు మరో గూడు లేదు.

హాస్టల్లో మాట ఆగుతుందా? సాయంత్రానికల్లా అత్త గంటె చేత్తో పట్టుకునే నా గుమ్మంలోకి వచ్చింది.

"నేను దొంగనంటగా మేడంగోరూ?"

"కూర్చో ముందు."

"కూర్చోను. పొమ్మంటే పోతా. ఎక్కడో ఒకచోట ఇంత ఉడకేసుకుని బతుకుతా. కానీ దొంగ అనిపించుకుని మాత్తరం పోను. చెప్పండి వాళ్ళకి."

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, మంటే ఉంది. ఆ లెక్క కట్టడం నేర్పింది నేనే కదా. ఈ నెలలోపు బియ్యం ఎటు పోతున్నాయో నేనే తేలుస్తానని ఆమెకు మాటిచ్చాను. ఆమె తల ఊపకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం నుంచి క్లాసులు లేని గంటల్లో వంటగదిలోనే మకాం వేశాను. నా ముందే బియ్యం కొలిపించాను. నూనె డబ్బాకి గీత గీశాను. పెరటి తలుపు మీద కన్ను వేశాను. ఆ తలుపులోంచి బయటికి పోయింది గంజి ఒక్కటే, అది పాలావిడ గేదె కోసం. అత్త నా వైపు చూడకుండా, గిన్నెలు కావాలని దడదడలాడిస్తూ తన పని తను చేసుకుపోయేది. పొగకి నా కళ్ళు వాచాయి. దొంగ మటుకు దొరకలేదు.

ఒకరోజు మాచర్ల రైలు వచ్చిన కాసేపటికి హాస్టలు గేటు దగ్గర సందడి మొదలైంది. ఒక పిల్ల అమ్మమ్మ కంటి ఆసుపత్రికి వచ్చింది, తోడు ఇద్దరు కోడళ్ళు. ఇంకో పిల్ల తండ్రి కోర్టు వాయిదాకి వచ్చాడు, వెంట సాక్ష్యం చెప్పేవాళ్ళు. మగవాళ్ళకి వరండాలో, ఆడవాళ్ళకి లోపల ఆకులు వేసింది అత్త. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ కొంగు దోపి వడ్డనకి దిగాను. "ఇంకొంచెం వేసుకో పెద్దమ్మా, మజ్జిగలోకి ముద్దయినా తినకపోతే ఎట్లా?" అని ఆ అమ్మమ్మని బలవంతం చేశాను. కోర్టు పెద్దమనుషులకి పప్పు మారు వడ్డించాను. వాళ్ళు తృప్తిగా త్రేన్చి, దీవించి, వెళ్ళిపోయారు. నేను చెయ్యి కడుక్కుని మళ్ళీ వంటగదిలో దొంగ కోసం కాపలా కూర్చున్నాను.

చూద్దును కదా, అత్త పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెడుతోంది.

"ఇదెవరికి?" అన్నాను.

"పిల్లలకమ్మా. కాలేజీ గంట కొట్టంగానే వచ్చిపడతారుగా."

"మరి పొద్దున్న వండిన గుండిగెడన్నం?"

"అయిపోయిందిగా."

"ఎవరు తిన్నారు?"

"ఎవురూ తిన్లా" అని, నాకు మతి పోయిందేమోనన్నట్టు చూసింది. "చుట్టాలు తిన్నారు."

ఎవరూ తినలేదు, చుట్టాలు తిన్నారు! ఆమె అబద్ధమాడలేదు. ఆమె దృష్టిలో నిజంగానే ఎవరూ తినలేదు. నా దృష్టిలో మాత్రం? ఇందాక నేనే దగ్గరుండి వడ్డించి, బలవంతపెట్టి, ఆ తర్వాతే కదా బియ్యం ఎటు పోతున్నాయో అని తల బద్దలుకొట్టుకుంటున్నది! నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆపుకోలేక పీట మీద కూలబడ్డాను. అత్త తనని చూసే నవ్వుతున్నాననుకుని, "నవ్వండి నవ్వండి, దొంగముండ దగ్గర నవ్వక ఏం చేస్తారు" అని గంటె విసిరికొట్టింది. ఆమెకి విషయం చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చెప్పాక కూడా, "అన్నం తినిపోతే దానికి లెక్కేంది?" అంది.

శనివారం క్లాసులో ఇదే పాఠం. "చుట్టాలకి పెట్టిన అన్నం ఎవరైనా లెక్కలో రాశారా?" అని అడిగాను. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

"చుట్టాల్ని కూడా ఖర్చులో రాస్తారా మేడం?" అంది మాచర్ల పిల్ల, నేనేదో బూతు మాట అన్నట్టు.

ఇక ఒక్కొక్కరే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆసుపత్రికొచ్చిన పెద్దమ్మ, బస్సు తప్పిపోయి ఉండిపోయిన బాబాయి, పత్తి విత్తనాల కోసం వచ్చిన మేనమామ, కొండ తిరునాళ్ళకు బండి కట్టుకొచ్చి హాస్టల్లోనే దిగిన ఇంటిల్లిపాదీ. చెప్తున్నకొద్దీ వాళ్ళకే నవ్వాగడం లేదు. ఆ నవ్వుల మధ్య ఎవరో పెదకూరపాడు పిల్ల వైపు తిరిగి, "ఏమే, మీ మేనత్త కాన్పుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ క్యారియర్ మన మెస్సులోంచేగా నువ్వు పట్టుకుపోయింది?" అన్నారు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అది... మన వంట అత్తే సర్ది ఇచ్చింది. పథ్యం విడిగా వండి" అంది. నాకు ఆ పిల్ల మీద జాలేసింది, అత్త మీద అంతకన్నా ఎక్కువ జాలేసింది.

దొంగ దొరికింది సరే, బిల్లు ఎలా దించాలి? నెలాఖరు దగ్గర పడుతోంది. ఎవరి చుట్టాలు తింటే వాళ్ళ బిల్లులో వేద్దామన్నాను, పాఠం ప్రకారం అదే న్యాయం. క్లాసు భగ్గుమంది. "అన్నం పెట్టి డబ్బులడగమంటారా మేడం? ఊళ్ళో తెలిస్తే మా నాయన తలెత్తుకు తిరగ్గలడా?" అని లేచారు. ఉన్నమాట చెప్పొద్దూ, మా అమ్మ వచ్చి తిని వెళ్ళాక ఎవడైనా నా చేతిలో ఆ భోజనం బిల్లు పెడితే వాడి వీపు చీరేసేదాన్ని. పోనీ చుట్టాలు రాకూడదని గేటుకి బోర్డు పెడదామా అని ఒకతె అంది. మిగతావాళ్ళు దాన్ని బెంచీ మీద నుంచి లాగేసినంత పని చేశారు.

దారి చూపించింది మాచర్ల పిల్ల. "మేడం, మనోళ్ళు ఒట్టి చేతులతో రారుగా. అరిసెలు, చేగోడీలు డబ్బాలకి డబ్బాలు తెస్తారు. మేం పెట్టెల్లో దాచి చీమలకి పెడతన్నాం. అవి మానేసి కందులు తెమ్మంటే?"

నేను లేచి వెళ్ళి ఆ పిల్లని కావలించుకున్నాను. లెక్చరర్లు అలాంటివి చెయ్యని రోజులు. బోర్డు మీద పెద్దక్షరాలతో చుట్టాల పద్దు అని రాశాను. ఒక వైపు వాళ్ళు తినేది, ఇంకో వైపు వాళ్ళు తెచ్చేది. ఆ సాయంత్రం పిల్లలందరూ ఇళ్ళకి కార్డు ముక్కలు రాశారు.

మొదటి వారం వచ్చిన ప్రతివాళ్ళూ గోంగూర తెచ్చారు. గోంగూర పప్పు, గోంగూర పులుసు, గోంగూర పచ్చడి. పళ్ళు జివ్వుమన్నాయి. ముందుగా అనుకోకపోతే ఇంతేనని, ఎవరు ఏది తెమ్మని రాయాలో క్లాసులో మళ్ళీ కూర్చుని పంచుకున్నారు. ఆ తర్వాత చూడాలి! మాచర్ల వైపు నుంచి మిరపకాయలు, వెల్దుర్తి వైపు నుంచి కందులు, ఇంకో ఊరి నుంచి బియ్యం బస్తా. పల్నాటి పౌరుషం సంగతి చెప్పక్కర్లేదు కదా. ఫలానా పిల్ల తండ్రి అరబస్తా తెచ్చాడని తెలిస్తే ఇంకో తండ్రి బస్తా మోయించుకొచ్చేవాడు. ఒక తాత వరండాలో కూర్చుని, "ఈ పప్పు మా చేనుదేనా అమ్మాయ్?" అని అడిగి మరీ, రెండుసార్లు పెట్టించుకు తిన్నాడు. ఎవరికీ చిన్నతనం లేదు. పైగా వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

అత్త వండుతూనే ఉంది, అందరికీ పెడుతూనే ఉంది. కానీ పెదకూరపాడు పిల్ల ఆకు దగ్గరికొచ్చేసరికి ఆ నోటికి తాళం పడేది. అన్నం పెట్టేది, కూర వేసేది, మాట మాత్రం లేదు. ఆ పిల్ల తల వంచుకు తిని లేచేది.

నెలాఖరున ప్రిన్సిపాల్ గారు హోటలాయనని వెంటబెట్టుకుని వంటగది చూపించడానికి వచ్చారు. సరిగ్గా భోజనాల వేళ. వచ్చినవాడు తన అన్నం తన్నుకుపోవడానికి వచ్చాడని అత్తకు తెలుసు. అయినా, "వేళకొచ్చారు, కాళ్ళు కడుక్కోండి" అని ఇద్దరికీ ఆకులు వేసింది. హోటలాయన తింటూ తింటూ వరండా ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"రోజూ ఇంతమందే వస్తారా?"

"ఇయ్యాల తక్కువ. రైలు లేటంట" అంది అత్త, మారు నెయ్యి వేస్తూ.

ఆయన ఆకు మడిచి లేచి, "నా వల్ల కాదు సార్. నేను అన్నం అమ్ముకునేవాణ్ణి, మునిగిపోతా" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పెదకూరపాడు పిల్ల ఆ నెల బిల్లు ప్రిన్సిపాల్ గారి చేతికిచ్చింది. దిగింది. బాగానే దిగింది. ఆయన చూసి, నవ్వి, "వంటామెని ఉండమనండమ్మా" అన్నారు.

నేను చిన్నపిల్లలా వంటగది వెనక గదికి పరిగెత్తాను. అత్త చీరలు మూట కడుతోంది.

"ఉండమన్నారు అత్తా! నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు!"

"వాళ్ళు ఉండమన్నారు, బాగానే ఉంది. నేనుండాలిగా మేడంగోరూ?" అని మూట ముడి బిగించింది.

వెనక అలికిడైంది. పెదకూరపాడు పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. "అత్తా, లెక్కలో నేను చుట్టాల్ని..." అని మొదలుపెట్టింది.

"లెక్కల సంగతి మీ మేడానికి చెప్పుకో. నాకు చెప్పేది ఏమన్నా ఉందా?"

ఆ పిల్ల బావురుమంది. "నిన్నంత మాటన్నా. మా మేనత్తకి నువ్వు వండి పంపిన సంగతే మర్చిపోయా. తప్పైపోయింది అత్తా, పోబాకే" అని అక్కడే కూలబడింది.

అత్త ముక్కు చీది, మూటని కాలితో మంచం కిందకి నెట్టి, మూలనున్న చేట తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

"ఏడుపాపి పప్పులో రాళ్ళేరు. మీ మేనత్త ఎట్టుందే? పిల్లోడు బోర్లా పడ్డాడా?"

"పడ్డాడు అత్తా" అంది ఆ పిల్ల, ఏడుస్తూనే నవ్వుతూ.

"వాడి కోసం అన్నాళ్ళు పథ్యం వండా, మొహం చూసిందే లేదు. ఎత్తుకు రమ్మను ఒకసారి. అందర్నీ రమ్మను, నాలుగు రోజులుండి పోవచ్చు." ఒక్క క్షణం ఆగి నా వైపు ఓరగా చూసి, గొంతు పెంచి మరీ చెప్పింది. "ఈ కందులూ బియ్యమూ అని ఏమీ మోసుకురావద్దను. పసిబిడ్డ తల్లి, ఒట్టి చేతులతోనే రమ్మను."

నేను నెలంతా చెప్పిన పాఠం అది, నా ఎదురుగానే గంగలో కలిసింది. ఆ పిల్ల పక్కన చతికిలబడి, చేటలో నా వైపు కొంచెం పప్పు జరుపుకుని రాళ్ళేరడం మొదలుపెట్టాను.